నాలుగు వేల గడియారాలు

"చేతిలో ఫోనుంది, మణికట్టుకి వాచీ ఉంది, మైక్రోవేవ్ మీద టైముంది, కార్లో టైముంది. ఇన్ని చాలవని ఇదొకటా?"

మా ఆవిడ వేసిన ప్రశ్న ఇది. వారానికోసారి కీ ఇవ్వాల్సిన, రోజుకి రెండు నిమిషాలు వెనకబడే, అర్ధరాత్రి పన్నెండు సార్లు ఠంగుమని మోగే ఓ నల్లటి పెట్టెని నలభై డాలర్లు పెట్టి నేను ఇంటికి మోసుకొచ్చిన రోజు సంగతి. ప్రశ్న న్యాయమైనదే. ఆ పూట నా దగ్గర సమాధానం లేదు. ఇప్పుడు ఇంట్లో అలాంటివి నాలుగు చేరాయి కాబట్టి ఏదో ఒక సమాధానం వెతుక్కోక తప్పని పరిస్థితి :)

ముందు ఈ వస్తువేమిటో చెప్పాలి. చలిదేశాల ఇళ్ళల్లో హాల్లో చలిమంట వేసుకునే గూడు ఉంటుంది కదా, దాని పైన బల్లలా ఉండే అంచుని మాంటెల్ అంటారు. దాని మీద నిలబెట్టేది మాంటెల్ గడియారం. మన ఇళ్ళల్లో పొయ్యి వంటింట్లోనే ఉంటుంది, హాల్లో ఉండదు. అందుకని మన దగ్గర గడియారం గోడెక్కింది. లోపలి సరంజామా మాత్రం దాదాపు ఒకటే. మన వైపు పాత మేడల్లో వేలాడే గోడగడియారాల్లో కొన్నింటి మీద ఆన్సోనియా అని పేరుంటుంది. ఏ జర్మనీ పేరో అనుకునేవాణ్ణి. తీరా చూస్తే నేనుండే హార్ట్‌ఫర్డ్ నుంచి గంట ప్రయాణంలో ఉన్న ఊరది. ఆ కంపెనీ పుట్టింది అక్కడే.

హార్ట్‌ఫర్డుకి మనవాళ్ళు ఎందుకొస్తారో తెలిసిందే. ఇన్సూరెన్సు కంపెనీల ప్రాజెక్టులు. వచ్చినవాళ్ళలో చాలామందికి ఈ కనెక్టికట్ రాష్ట్రం గురించి తెలిసినవి రెండే: ఒకటి మంచు, రెండు కారు మీద కూడా కట్టాల్సిన ప్రాపర్టీ టాక్సు. ఏళ్ళ తరబడి నా జ్ఞానమూ అంతే. పాత సామాన్లని ఇంటి ముందు పెట్టి అమ్ముకోవడాన్ని ఇక్కడ ట్యాగ్ సేల్ అంటారు. అలాంటి ఓ ట్యాగ్ సేల్లో ఆ నల్లపెట్టె కొన్నాకే, ఇక్కడి వాగుల పక్కన రెండొందల ఏళ్ళ కిందట ఏం జరిగిందో చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఇదేదో మన వృత్తి చరిత్రే అనిపించింది.

1800 ప్రాంతంలో ఇక్కడ గడియారం అంటే ఒక మనిషి చేత్తో చేసే పని. ఇత్తడి పోత పోయాలి, చక్రానికి ఒక్కో పన్నూ కోసి ఆకురాయితో రాయాలి, ఆ చక్రానికి సరిపోయేలా పక్కదాన్ని మళ్ళీ రాయాలి. ఒక గడియారంలోని చక్రం ఇంకో గడియారంలో పట్టదు. ఈలై టెర్రీ (1772-1852) అనే కుర్రాడు డేనియల్ బర్నాప్ అనే పనివాడి దగ్గర ఈ విద్య నేర్చుకున్నాడు. ఇత్తడి ఖరీదు జనానికి అందేది కాదని గడియారాన్ని చెక్కతో చెయ్యడం మొదలుపెట్టాడు. చక్రాలకి చెర్రీ చెక్క, ప్లేట్లకి ఓక్, ఇరుసులకి లారెల్. అవును, పళ్ళచక్రాలన్నీ చెక్కే. మూడో నాలుగో చేసి, గుర్రం మీద వేసుకుని ఊళ్ళు తిరిగి అమ్ముకొచ్చేవాడట. డెవలపరూ తనే, సేల్సూ తనే.

అలాంటి మనిషి 1806లో ఒక కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు. వాటర్‌బరీలో పోర్టర్ అనే ఇంటిపేరున్న ఇద్దరితో ఒప్పందం. మూడేళ్ళలో 4000 గడియార యంత్రాలు, ఒక్కోటి 4 డాలర్లు. పెట్టె ఉండదు, యంత్రం మాత్రమే. కొన్నవాడు స్తోమత ఉంటే నిలువెత్తు పెట్టె చేయించుకుంటాడు, లేకపోతే ఊరికే గోడకి తగిలించుకుంటాడు.

ఈ 4000 అన్న అంకె ఎంత పిచ్చిదో ఊహించండి. అంతకుముందు టెర్రీ 200 గడియారాలు ఒక్క దఫాలో మొదలుపెట్టినప్పుడే చుట్టుపక్కలవాళ్ళు నవ్వారట. అవి పూర్తయ్యేదాకా ఇతను బతకడని ఒకడు, బతికి పూర్తిచేసినా అన్ని గడియారాలు కొనే నాథుడెవడని ఇంకొకడు. ఆ సంగతి రాసిపెట్టినవాడు చాన్సీ జెరోం. ఆయన దగ్గరికి తరవాత వద్దాం.

మొదటి ఏడాదిలో టెర్రీ ఎన్ని గడియారాలు ఇచ్చాడో తెలుసా? సున్నా. ఏడాదంతా యంత్రాలు కట్టుకుంటూ కూర్చున్నాడు. నీటి చక్రంతో తిరిగే రంపాలు, ఒకేసారి అన్ని చక్రాలకీ ఒకే కొలతలో పళ్ళు కోసే ఏర్పాట్లు, ముక్క సరిగా వచ్చిందో లేదో చూసే కొలత అచ్చులు. మన భాషలో చెప్పాలంటే ఒక్క ఫీచరూ రాయకుండా ఏడాదిపాటు బిల్డు టూల్సూ టెస్టు హార్నెస్సూ రాశాడు. వారం వారం స్టేటస్ కాల్‌లో ఏం చెప్పేవాడో పాపం. రెండో ఏడాది 1000 వచ్చాయి. మూడో ఏడాది 3000. ఒప్పందం అయిపోయింది.

ఇక్కడ చిన్న పిడకలవేట. మార్చి బిగించగల విడిభాగాలు అనగానే అందరూ చెప్పే పేరు ఈలై విట్నీ. ఈయన కార్ఖానా కూడా ఈ రాష్ట్రంలోనే. 1798లో ప్రభుత్వానికి రెండేళ్ళలో 10,000 తుపాకులు ఇస్తానని ఒప్పుకున్నాడు. అవి పూర్తిగా ఇచ్చేసరికి 1809. పైగా ఆయన తుపాకుల్ని తరవాతివాళ్ళు విప్పి చూస్తే ఒకదాని భాగాలు ఇంకోదాంట్లో సరిగా పట్టలేదు. డెమో బాగా ఇచ్చాడు, పేరొచ్చింది. సరిగ్గా అదే రోజుల్లో, చెప్పిన మూడేళ్ళలో చెప్పిన 4000 ఇచ్చిన టెర్రీ పేరు గడియారాల పిచ్చి ఉన్నవాళ్ళకి తప్ప తెలీదు. ఏ ఆఫీసులో చూసినా ఇదే కథ కదండీ.

ఒప్పందం ముగిశాక ఆ కార్ఖానాని తన దగ్గర పనిచేసిన ఇద్దరికి అమ్మేశాడు. సైలస్ హోడ్లీ ఒకరు, సేత్ థామస్ ఇంకొకరు. ఈ రెండో మనిషి పేరు మీదే థామస్టన్ అనే ఊరు వెలిసింది. టెర్రీ మాత్రం కొత్త సమస్య పట్టుకున్నాడు. యంత్రం చవకైంది సరే, ఆరడుగుల పెట్టె సంగతేంటి? కిందికి దిగే బరువులకి చోటు కావాలి కాబట్టి గడియారం ఎత్తుగా ఉండాల్సిందే. చక్రాల అమరిక మొత్తం మార్చి, బరువులు రెండు పక్కలా కప్పీల మీదుగా దిగేలా చేసి, మోకాలెత్తుకి కాస్త పైకుండే పెట్టెలో సర్దేశాడు. 1816లో పేటెంటు. బల్ల మీద పెట్టుకుని, కీ ఇచ్చి వాడుకోగల పూర్తి గడియారం, మామూలు రైతు కొనగల ధరలో. నా మాంటెల్ మీదున్న పెట్టెకి ఇది ముత్తాత.

వీటిని అమ్మింది బండ్లేసుకుని తిరిగే వర్తకులు. వాళ్ళ మాటకారితనం ఎంత ప్రసిద్ధమంటే, నోవా స్కోషియాలో హాలిబర్టన్ అనే జడ్జిగారు 1830లలో శామ్ స్లిక్ అనే గడియారాల వర్తకుడి పాత్రని సృష్టించి హాస్యకథలు రాశారు. అందులో శామ్ కిటుకు చూడండి. "ఇది అమ్మకానికి కాదు, వేరేవాళ్ళు అడిగారు, నేను తిరిగొచ్చేదాకా మీ ఇంట్లో జాగ్రత్తగా ఉంచండి" అని గడియారం పెట్టి వెళ్ళిపోతాడు. తిరిగొచ్చేసరికి ఆ ఇంటివాళ్ళు దాన్ని వదులుకోలేరు, డబ్బులిచ్చేస్తారు. ముప్ఫై రోజుల ట్రయల్ వెర్షన్ మనమే కనిపెట్టాం అనుకుంటున్నాం!

సరే, జెరోం (1793-1868). మేకులు కొట్టే కమ్మరి కొడుకు. 1816లో టెర్రీ దగ్గర పెట్టెలు చేసే పనిలో చేరాడు, తరవాత బ్రిస్టల్‌లో సొంత వ్యాపారం పెట్టాడు. దక్షిణాది రాష్ట్రాలు బయటి గడియారాల మీద పన్నులు బాదితే, విడిభాగాలు ఇక్కడ చేసి వర్జీనియాకీ సౌత్ కరొలైనాకీ పంపి అక్కడ బిగించి 'లోకల్' సరుకుగా అమ్మిన ఘనుడు. 1837లో దేశమంతా ఆర్థికంగా కుప్పకూలింది, వ్యాపారం పడిపోయింది. ఆ గడ్డు రోజుల్లో అమ్మకాల పని మీద రిచ్‌మండ్ వెళ్ళినప్పుడు ఆయనకో ఆలోచన తట్టింది. చెక్క బదులు రేకుగా సాగదీసిన ఇత్తడితో చవక గడియారం చేస్తే? చెక్క చక్రాలకో జబ్బుంది, ఓడలో వేస్తే సముద్రపు తేమకి ఉబ్బి పళ్ళు పట్టేస్తాయి. ఇత్తడికి ఆ బాధ లేదు. ప్రపంచమంతా సంతే.

1842లో ఇంగ్లండుకి ఓ సరుకు పంపాడు. బిల్లు మీద ధర చూసి అక్కడి కస్టమ్స్‌వాళ్ళకి అనుమానమొచ్చింది. ఇంత తక్కువకి గడియారం రావడమేంటి, సుంకం ఎగ్గొట్టడానికి తక్కువ ధర చూపించాడు అనుకున్నారు. అలాంటివాళ్ళకి బుద్ధి చెప్పడానికి వాళ్ళ దగ్గరో రూలుంది: బిల్లులో రాసిన ధరకి పది శాతం కలిపిచ్చి సరుకు మొత్తం సర్కారే స్వాధీనం చేసుకోవచ్చు. చేసుకున్నారు. జెరోంకి పండగే పండగ! అమ్మే శ్రమ లేకుండా రొక్కం. వెంటనే రెండోసారి పంపాడు. అదీ తీసుకున్నారు. మూడోసారి పంపేసరికి ఆ ధర నిజమేనని అర్థమై వదిలేశారు. రూలు రాసినవాడు తప్పుడు ధర చూపించేవాణ్ణి ఊహించాడు గానీ నిజంగానే అంత చవగ్గా చెయ్యగలిగేవాణ్ణి ఊహించలేదు. ఇంత అందమైన బగ్గు నా సర్వీసులో నేను చూడలేదు.

ఆ జెరోం చివరికి ఏమయ్యాడు? 1845లో బ్రిస్టల్ కార్ఖానా తగలబడింది. న్యూ హేవెన్‌కి మారి ఇంకా పెద్దది కట్టాడు. 1855లో, సర్కసు పేరుతో ఇప్పటికీ తెలిసిన బార్నమ్ గారి గడియారాల కంపెనీని కలుపుకున్నారు. ఎవరి అప్పులు ఎవరి నెత్తిన పడ్డాయో అన్నదాని మీద ఆయనో కథ చెప్పాడు, ఈయనో కథ చెప్పాడు. ఏదైతేనేం, మరుసటి ఏడాదికి కంపెనీ దివాళా. దేశంలోకెల్లా పెద్ద గడియారాల వ్యాపారి అరవై దాటిన వయసులో మళ్ళీ జీతానికి పనిచేశాడు. 1860లో తన వ్యాపార చరిత్ర పుస్తకంగా రాసి, 1868లో పేదవాడిగా పోయాడు. టెర్రీ మీద జనం నవ్విన కబురు మనకి దక్కింది ఆ పుస్తకంలోంచే.

టెర్రీ కథ వేరు. చాలినంత సంపాదించాక 1833లో వ్యాపారం మానేశాడు. మానేసి ఏం చేశాడంటే, మళ్ళీ గడియారాలే చేశాడు. ఈసారి యంత్రాల మీద కాదు, ఒక్కొక్కటీ చేత్తో. నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చిన వాక్యం ఇదే.

ఇక నా పెట్టె. చూడ్డానికి నల్లరాతి గుడిలా ఉంటుంది, స్తంభాలూ అవీ. నిజానికి రాయి కాదు. ఫ్రాన్సువాళ్ళు నల్లరాతి గడియారాలు చేసేవారు, డబ్బున్నవాళ్ళు కొనేవారు. వాటికి చవక నకలు కావాలి. బిలియర్డ్స్ బంతులకి దంతం బదులు వాడదామని హయాట్ తయారుచేసిన సెల్యులాయిడ్ అప్పటికే ఉంది. సేత్ థామస్ కంపెనీ దాన్ని పల్చటి రేకుగా చెక్క మీద అతికించి రాయిలా మెరిపించింది. పేరు అడమంటీన్, 1880 నాటి పేటెంటు. అంటే నేను మురిసిపోతున్నది ఒక ప్లాస్టిక్ అతుకు వస్తువుని చూసి. కొన్న కొత్తలో ఇది తెలిసి కొంచెం చిన్నబుచ్చుకున్నాను. (మీ దగ్గర ఉంటే నిప్పుకి దూరంగా పెట్టండి, సెల్యులాయిడ్ భగ్గుమంటుంది.) సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకీ బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంటే మనం నోళ్ళు తెరుచుకు చూసే గడియారం నవాబుల వస్తువు. ఇది గుమస్తాల వస్తువు.

పెట్టె అడుగున "5091 సి" లాంటి ముద్ర ఉంది. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. సీరియల్ నంబరేమో అనుకున్నా. చివరికి తెలిసింది, అంకెల్ని వెనక నుంచి చదవాలట. 1905, మూడో అక్షరం కాబట్టి మార్చి. స్ట్రింగ్ రివర్స్! ఇంటర్వ్యూల్లో వందమందిని అడిగినవాణ్ణి, నా అడమంటీన్ నన్నడిగితే ఫెయిలయ్యాను.

గంటలు కొట్టే పద్ధతి మీద మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే నా పిచ్చి ఇక్కడే ముదిరింది. ఎన్ని గంటలు కొట్టాలో గడియారానికి ఎలా తెలుస్తుంది? నా దాంట్లో లెక్క చక్రం అని ఒకటుంది. దాని అంచు మీద గాట్లు. ఒక గాటుకీ ఇంకో గాటుకీ మధ్య దూరం ఒకటి, రెండు, మూడు... అలా పన్నెండు దాకా పెరుగుతూ పోతుంది. ఒక తీగ గాటులో పడేదాకా సుత్తి కొడుతూనే ఉంటుంది. పన్నెండు గంటలకి మొత్తం 78 దెబ్బలు. ఈ చక్రానికి ముళ్ళు ఎక్కడున్నాయో తెలీదు! కిందటిసారి ఎన్ని కొట్టానో అంతే తెలుసు, దానికి ఒకటి కలుపుతుంది. ముళ్ళని అడ్డదిడ్డంగా తిప్పారా, మూడింటికి ఎనిమిది కొడుతుంది. దీనికి మందు 1676లోనే ఎడ్వర్డ్ బార్లో అనే ఇంగ్లీషు మతాచార్యుడు కనిపెట్టాడు. ఆ పద్ధతిలో నత్తగుల్ల ఆకారపు బిళ్ళ ఒకటి గంటలముల్లుతో పాటు తిరుగుతుంది. కొట్టే ముందు ప్రతిసారీ దాన్ని తాకి చూసి లెక్క తెలుసుకుంటుంది. దేన్నీ గుర్తు పెట్టుకోదు కాబట్టి తప్పిపోదు. స్టేట్ దాచుకోవాలా, ప్రతిసారీ అడగాలా అని మనం మీటింగు రూముల్లో అరుచుకుంటున్న గొడవే. మూడున్నర శతాబ్దాల కిందటిది, ఇత్తడిలో, వేలితో తాకి చూడగలిగేలా.

లోలకం సంగతీ అంతే. డయలు మీద పన్నెండు అంకె దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. కీకి రెండో కొస సన్నగా ఉండేది అందుకే. దాన్ని అక్కడ పెట్టి తిప్పితే లోలకం వేలాడే పొడవు మారుతుంది. రోజుకి ఒక నిమిషం సరిచెయ్యాలంటే 15 సెంటీమీటర్ల లోలకాన్ని ఎంత జరపాలో లెక్కేశాను: మిల్లీమీటర్లో ఐదో వంతు. చెవితో విని సరిచేసేది ఇంకోటుంది. టిక్‌కీ టక్‌కీ మధ్య ఎడం సమానంగా ఉండాలి. కుంటుతున్నట్టు వినిపిస్తే కాసేపట్లో ఆగిపోతుందని అర్థం. కింద ఓ కాగితం మడిచి పెడితే చాలు, సరవుతుంది. ఇప్పుడు వేరేవాళ్ళ ఇంటికెళ్ళినా చెవి అటే పోతోంది.

ఈ పరిశ్రమ పతనం గురించి ఎక్కువ చెప్పను. కరెంటు గడియారాలొచ్చాయి, కీ ఇచ్చే పని తప్పింది. 1929లో ఆన్సోనియా యంత్రాల్ని సోవియట్ రష్యా కొనుక్కుని మాస్కో పట్టుకుపోయింది. ఆఫ్‌షోరింగ్ కొత్తదేం కాదు. మిగిలినవి ఒక్కొక్కటే మూతపడ్డాయి. బ్రిస్టల్‌లో ఇప్పుడో గడియారాల మ్యూజియం ఉంది, వీలైతే చూడండి.

నేను ఆ పెట్టె కొన్న వారం గురించి ఒక ముక్క చెప్పలేదు. అంతకు కొద్ది రోజుల ముందు, మా టీము నాలుగేళ్ళు కష్టపడి రాసిన క్లెయిముల సిస్టంని ఆపేశారు. తప్పెవరిదీ కాదు, కొత్త ప్యాకేజీ కొన్నారు, అంతే. శుక్రవారం సాయంత్రం ఆరింటికి సర్వర్లు దింపారు. సోమవారం పొద్దున ఎవరికీ ఏ తేడా తెలీలేదు. రిపాజిటరీ కూడా చదవడానికి మాత్రమే వీలయ్యేలా మార్చి ఎక్కడో పడేశారు. ఎవరికైనా చెప్పుకుందామంటే నవ్వుతారు, జీతం వచ్చింది కదా అని.

శనివారం ఆ గడియారం ఇంటికి తెచ్చి వెనక మూత తెరిచాను. (తెరిచి చూడ్డం వరకే. స్ప్రింగు బిగువు పూర్తిగా దించకుండా లోపలి ప్లేట్లు మాత్రం విప్పకండి, వేళ్ళు పోతాయి.) మూత లోపలి వైపు పెన్సిలుతో గీతలు. దీపం పెట్టి చూస్తే తేదీలు, పొడి అక్షరాలు. 1921లో ఎవరో శుభ్రం చేశారు. 1938లో ఇంకెవరో స్ప్రింగు మార్చారు. 1956లో మళ్ళీ మొదటిదానిలాంటి చేతిరాతే, కానీ కాస్త వణుకుతూ. మరమ్మతు చేసినవాళ్ళు ఇలా రాసిపెట్టడం రివాజని తరవాత తెలిసింది. మార్చి 1905లో గంట లెక్కన జీతం తీసుకుని ఆ చక్రాలు బిగించిన మనిషి పేరు ఎక్కడా లేదు. గుమస్తాల కోసం చేసిన ప్లాస్టిక్ తొడుగు చవక సరుకు. కానీ నాలుగు మరలు విప్పితే లోపలున్నదంతా కంటికి కనిపిస్తుంది, ఏది దేన్ని తోస్తుందో వేలుపెట్టి చెప్పొచ్చు. అందుకే ఎవరు పడితే వాళ్ళు తెరిచి బాగుచేసుకుంటూ వచ్చారు.

కిందటేడాది అది ఆగిపోయింది. పాత నూనె జిగురులా పట్టేసింది. మూడు వారాంతాలు కూర్చుని విప్పి, కడిగి, ఇరుసుల చివర్ల మెరుగు పెట్టి, మళ్ళీ బిగించాను. రెండుసార్లు తప్పు బిగించాను, ఓసారి ఆపకుండా ముప్ఫై ఏడు కొట్టింది. మా ఆవిడ లెక్కపెట్టింది. మూడోసారి నడిచింది. అప్పుడు పెన్సిలు తీసుకుని 1956 కింద తేదీ వేసి, నా పొడి అక్షరాలు తెలుగులో రాశాను.

"ఎవరికర్థమవుతుంది అది?" అంది తను, పక్కన దీపం పట్టుకుని.